కట్టివేసిన నిప్పు

ఆశ్వయుజ బహుళ అమావాస్యనాటి సాయంకాలము మైలవరపు వీథులలోను, కొండపల్లి కొండలకు ఉత్తరమున నున్న ఆ మెట్టప్రాంతపు పల్లెలలోను బాలురు ఖాళీ సీసాలలో నిలిపి అంటించు తారాజువ్వలను చూచి ముచ్చటపడనివారు లేరు గాని, ఆ జువ్వ రివ్వున పైకెగసిన ఒకటి రెండు క్షణములలో తమ కన్నుల యెదుట పని చేసినది అక్షరాల ఒక రాకెట్టు ఇంజనేనని తలపోయువారు అరుదు. కాగితపు గొట్టము, అందు దట్టించిన మందు, అడుగున సన్నని రంధ్రము, ఒక వత్తి, ప్రక్కన కట్టిన పుల్ల, ఇంతే దాని సామగ్రి. శ్రీహరికోటనుండి ఉపగ్రహములను మోసికొనిపోవు మహారాకెట్ల ఘన ఇంధనపు దశలలోనైనను మౌలికమైన ఏర్పాటు ఇంతకంటె వేరు గాదు. భేదమెల్ల నిప్పును ఎంత దృఢముగ బంధించితిమి, దాని బలమును ఎంత నిక్కచ్చిగ కొలిచితిమి అను రెండు విషయములందే కలదు.

జువ్వ ప్రక్కన సిసింద్రీని ఉంచి చూచినచో మరియొక సంగతి తేటపడును. రెండింటిలోను మందు ఒక్కటే, నెట్టు బలము పుట్టు విధమును ఒక్కటే. కాని పుల్ల లేనందున సిసింద్రీ నేలమీద పొర్లి, గోడలెక్కి, అరుగుమీది పెద్దల ధోవతులలో దూరి, దిక్కుమాలి పోవును. అనగా నెట్టుట వేరు, దారి తప్పక పోవుట వేరు. మొదటిది ఇంజను పని, రెండవది వాహనపు పని. స్వయముగ రాకెట్టు నిర్మింపబూనిన ఔత్సాహికులు ప్రపంచమందంతట మొట్టమొదట నేర్చుకొనవలసివచ్చిన పాఠమిది: ఇంజనును ఎగురనీయక ముందు, దానిని నేలకు బిగించి, కదలకుండ మండించి చూడవలెను. ఎగురవేయుట చూపరులకు వేడుక. విద్య అంతయు ఈ కట్టివేసి మండించుటలోనే యున్నది.

రాకెట్టు వెనుకనున్న గాలిని తన్ని ముందుకు పోవుననుకొనుట చాలమందికి గల అపోహ. సామాన్యుల మాట యటుంచి, 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన సంపాదకీయమున, గాలియే లేని శూన్యములో రాకెట్టు దేనిని నెట్టి కదలునని రాబర్ట్ గొడార్డు అను అమెరికను ఆచార్యుని పరిహసించి, ఆయనకు ఉన్నత పాఠశాలలో బోధించు విజ్ఞానమైనను లేదనినంత పని చేసినది. గొడార్డు మరణించిన ఇరువదినాలుగు సంవత్సరములకు, 1969 జులై 17న, మానవుడు చంద్రునివైపు ప్రయాణము సాగించిన మరునాడు, ఆ పత్రిక తన పొరపాటునకు విచారమును ప్రకటించెను. పత్రికలవారు నింపాదిగ దిద్దుకొను తప్పులలో ఇదియొకటి. వాస్తవమున రాకెట్టునకు వెలుపలి గాలితో నిమిత్తమే లేదు. లోపల మండిన మందు అత్యుష్ణ వాయువుగ మారి, ఒక్క వైపున తెరచియున్న ద్వారమునుండి మహావేగముతో వెలువడును. ఆ వాయురాశిని ఇంజను ఎంత బలముతో వెనుకకు విసరినదో అంతే బలముతో ఆ వాయువు ఇంజనును ముందునకు నెట్టును. న్యూటను చెప్పిన మూడవ సూత్రము ఇదియే. శాస్త్రజ్ఞులు ఈ నెట్టు బలమును అభిబలమందురు.

ఆ ద్వారము ఎట్లుండవలెనన్నది రెండవ ప్రశ్న. పొలములో మోటారు గొట్టముమూతికి బొటనవ్రేలు అడ్డము పెట్టినంతనే నీరు దూరముగ చిమ్ముటను మన రైతులందరు ఎరుగుదురు గదా. ఇరుకైన కంఠమునొద్ద వాయువునకు వేగము హెచ్చుటయు అట్టిదే. కాని వాయువు విషయమున ఒక విశేషము కలదు. కంఠము వద్దకు వచ్చుసరికి దాని వేగము ధ్వనివేగమునకు సమానమై, అంతకు మించి అచ్చట పెరుగజాలదు. అట్టి స్థితిలో కంఠమునకు పిదప మార్గమును గంటవలె క్రమముగ వెడల్పు చేసినచో, నీటికి విరుద్ధముగ, వాయువు మరింత వేగము నందుకొని ధ్వనివేగమును ఎన్నో రెట్లు మించును. ఈ కిటుకును 19వ శతాబ్దము చివర స్వీడను దేశపు ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ ఆవిరి టర్బైను కొరకు కనిపెట్టగా, గొడార్డు దానిని రాకెట్టునకు అమర్చెను. మన జువ్వకు ఈ గంట లేదు, కంఠము మాత్రమే కలదు. అందువలన దాని మందులోని శక్తిలో చాల భాగము పొగయై, మెరుపై, శబ్దమై వ్యర్థమగును.

మందుల శక్తిని పోల్చుటకు ఒక సుళువైన కొలత కలదు. ఒక కిలో మందు, ఒక కిలో బరువును నిలుపగల బలమును, ఎన్ని సెకనులపాటు ఈయగలదు? సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన నల్లమందునకు ఈ సంఖ్య సుమారు 80. నేటి ఘన ఇంధనములకు 250 ప్రాంతము. కిరోసిను, ద్రవ ప్రాణవాయువుల జంటకు 300. ద్రవ ఉదజని, ద్రవ ప్రాణవాయువులకు 450 వరకు. దీనిని విశిష్ట ప్రచోదనమందురు. సంఖ్య పెరిగినకొలది ఇంజను నిర్మాణములోని చిక్కులు అంతకు ఎన్నో రెట్లు పెరుగుచుండుట ఈ విద్యలోని విషాదమనవచ్చును.

ఘన ఇంధనపు ఇంజను చూచుటకు మిక్కిలి సరళము: కదలు భాగము ఒక్కటియు లేదు. ఐనను దానిలో దాగిన ప్రమాదము, కారణమెరుగనివానికి, మాయవలె తోచును. మందు మండునది తన ఉపరితలమున మాత్రమే. లోనికి ఒక్కొక్క పొరగ తరిగిపోవును. ఉపరితలము ఎంత వైశాల్యము కలదైన అంత వాయువు పుట్టును. కనుక మందు దిమ్మ నడుమ పొడవునా బోలుగ రంధ్రము తొలిచి, ఆ రంధ్రమును నక్షత్రాకారముననో మరియొక ఆకారముననో మలచి, మొదటినుండి చివరివరకు మండు వైశాల్యమును తమ యిచ్ఛకు లోబరచుకొందురు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని మందులో కంటికి కనబడని సన్నని బీట ఒక్కటి యున్నచో, నిప్పు దానిలోనికి చొచ్చి, ఒక్కసారిగ మండు వైశాల్యము పెరుగును. పెరిగినందున లోపలి పీడనము హెచ్చును. పీడనము హెచ్చినకొలది మందు మరింత త్వరగ మండుట దాని స్వభావము. త్వరగ మండినందున పీడనము ఇంకను హెచ్చును. ఈ చక్రము నాలుగుసార్లు తిరుగునంతలో గొట్టము ముక్కలై ఎగిరిపోవును. ఇదంతయు జరుగుటకు రెప్పపాటు కాలమైనను పట్టదు. జువ్వ గొట్టము కాగితముది గనుక పగిలినను ప్రమాదము కొంత తక్కువ. ఇనుప గొట్టము పగిలినచో అది ఆయుధమే.

ఇనుము అనగానే మైసూరు గుర్తునకు రావలెను. అంతకు ముందటి జువ్వలు వెదురుబొంగులతోను, దళసరి కాగితముతోను చేసినవి కాగా, హైదరాలీ, టిప్పు సుల్తానుల కార్మికులు మందును ఇనుప గొట్టములలో దట్టించుటచే పీడనమును, పరుగును ఎక్కువ చేయగలిగిరి. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు యుద్ధమున ఆంగ్ల సైన్యమును చెదరగొట్టుటలో అవి పాలుపంచుకొన్నవి. వానినుండియే విలియం కాంగ్రీవు ఇంగ్లండులో తన రాకెట్లను రూపొందించెను.

ఇప్పుడు ప్రధానమైన విషయమునకు వత్తము. ఇంజనును నేలకు బిగించి మండించు పరీక్షను స్థిరపరీక్ష యందురు. ఉక్కుచట్రమునో కాంక్రీటు దిమ్మనో నిలిపి, దానికి ఇంజనును అడ్డముగనో నిలువుగనో బిగింతురు. ఇంజనుకును చట్రమునకును నడుమ లోడ్ సెల్ అను చిన్న ఉక్కు పరికరముండును. దానిపై పడిన ఒత్తిడి ననుసరించి విద్యుత్ సంకేతము మారును. నేడు కిరాణా దుకాణములోని ఎలక్ట్రానిక్ త్రాసులో పని చేయునదియు ఈ జాతిదే. దహనగదికి పీడనమాపకము, గొట్టము వెలుపల ఉష్ణమాపకములు, దూరమున కెమెరా. అంటించుట ఎన్నడును చేతి వత్తితో కాదు. దూరమునుండి విద్యుత్తీగద్వారా, అదియు తాళపుచెవి ఒక్కరి జేబులోనే యుండునట్లు. మనుష్యులందరు ఇసుకబస్తాల గోడలకో కాంక్రీటు గోడలకో వెనుక ఉందురు. మీట నొక్కినను మండకపోయినచో అది అన్నిటికన్న గడ్డు సమయము: నిర్ణీతకాలము గడచువరకు ఎవ్వరును అటు అడుగు పెట్టరాదు. జువ్వ అంటుకొనలేదేమని వంగి చూచి కన్ను పోగొట్టుకొన్నవారిని ఎరుగని ఊరు మనకు లేదు. ఔత్సాహికుల నియమములలో ఇంత కఠినముగ పాటింపబడునది మరియొకటి లేకుండుటకు కారణమును అదియే.

పరీక్ష ముగిసిన పిదప మిగులునది పొగ కాదు, ఒక గీత. కాలమునకు ఎదురుగ అభిబలమును గుర్తించుచు పోగా ఏర్పడు ఆ వక్రరేఖను చదువుట నేర్చినవాడే ఇంజను పని నేర్చినవాడు. మెల్లగ లేచి, సమముగ సాగి, చివర వాలిపోయిన గీత ఆరోగ్యమునకు గుర్తు. నడుమ ముల్లువలె పైకి లేచినచో బీటయో బుడగయో యున్నదన్నమాట. మొదటినుండి పడిపోవుచు వచ్చినచో కంఠము వేడికి కరగి వెడల్పైనదని అనుమానింపవలెను. ఆ గీత క్రింది వైశాల్యము మొత్తము ప్రచోదనము; అమెరికా ఔత్సాహికులు దానినిబట్టియే ఇంజనులకు ఆంగ్లాక్షరములతో తరగతులు పెట్టుకొన్నారు. 2.5 న్యూటన్ సెకనులవరకు ఏ తరగతి, 5 వరకు బీ, 10 వరకు సీ, ఇట్లు అక్షరమక్షరమునకు రెట్టింపగుచు పోవును.

ద్రవ ఇంధనపు ఇంజనులయందు శక్తి ఎక్కువ, అదుపు ఎక్కువ. కావలసినప్పుడు ఆపవచ్చును, తిరిగి మండింపవచ్చును. దానికి తగిన మూల్యమును కలదు. ద్రవ ప్రాణవాయువు సున్నకు దిగువ 183 డిగ్రీల చల్లనిది. గొట్టములలో ఎచ్చటనైనను నూనె మరక మిగిలియున్నచో దానితోనే భగ్గుమనగలదు. ఇంధనమును, ప్రాణవాయువును ముందుగ చేరి, నిప్పు తరువాత వచ్చినచో గదిలో నిండిన మిశ్రమమంతయు ఒక్కమారు పేలును. ఆస్ట్రియా దేశీయుడు మాక్స్ వాలియే 1930 మే 17న బెర్లినులో తన ఇంజనును బల్లపై పరీక్షించుచుండగా అది పేలి, లోహపు తునుక ఒకటి గుచ్చుకొని ప్రాణములు విడిచెను. గోడ చాటున నిలువనందుకు అంత వెల.

దానికి నాలుగేండ్లు ముందు, 1926 మార్చి 16న, మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఆబర్న్‌లో బంధువుల పొలమున గొడార్డు ఎగురవేసిన ద్రవ ఇంధనపు రాకెట్టు, ప్రపంచములో మొదటిది, రెండున్నర సెకనులు ఎగిరి, 41 అడుగుల ఎత్తు లేచి, 184 అడుగుల దూరమున క్యాబేజీ మడిలో పడినది. ఆ రెండున్నర సెకనుల వెనుక సంవత్సరముల తరబడి ప్రయోగశాలలో కట్టివేసి చేసిన పరీక్షలున్నవని మరువరాదు.

నాకు అన్నిటికన్న ఆసక్తికరముగ తోచునది పాసడీనా యువకుల కథ. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధకవిద్యార్థియైన ఫ్రాంక్ మలీనాతో జాక్ పార్సన్స్, ఎడ్ ఫోర్మన్ అను ఇరువురు చేరిరి. వీరిరువురును ఆ సంస్థ విద్యార్థులే కారు. పార్సన్స్‌కు పట్టా లేదు, మందుల గుణములు మాత్రము కొట్టినపిండి. 1936 అక్టోబరు 31న ఊరివెలుపలి ఎండిన వాగులో, ఇసుకబస్తాల వెనుక నక్కి, మెథనాలును ప్రాణవాయువును మండించు చిన్న ఇంజనును పరీక్షించిరి. చివరి ప్రయత్నమున ప్రాణవాయువు గొట్టము ఊడి, నిప్పంటుకొని, పామువలె మెలికలు తిరుగగా అందరును పరుగు లంకించుకొనిరి. మరుసటి జనవరిలో అదే వాగున వారి ఇంజను 44 సెకనులు నిలిచి మండినది. తరువాత విద్యాలయ భవనములో విషవాయువును వెలువరించి పరికరములకు తుప్పు పట్టించినందున వారిని బయటికి పంపివేసిరి. తోడివిద్యార్థులు వారికి ఆత్మహత్యాదళమని పేరు పెట్టిరి. 1942లో పార్సన్స్, రోడ్డునకు పోయు తారును ఇంధనముగను, బంధకముగను వాడి, బీటలు వారని ఘన ఇంధనమును పోతపోయు మార్గమును కనుగొనెను. నేడు శ్రీహరికోటలో రబ్బరువంటి బంధకముతో పోతపోయు ఘన ఇంధనములకు వంశమూలము ఇదియే. ఆ బృందమునుండి పుట్టినదే జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ. పార్సన్స్ మాత్రము 1952 జూన్ 17న తన ఇంటిలోని ప్రయోగశాలలో జరిగిన పేలుడులో మరణించెను. ఎండిన వాగులో ఇసుకబస్తాల వెనుక బ్రతికి బయటపడినవాడు ఇంటిలో పోయెను.

అప్పటినుండి ఔత్సాహికులు చాల దూరము పోయిరి. 2004 మే నెలలో అమెరికాలో ఒక పౌరబృందపు రాకెట్టు నెవాడా ఎడారినుండి లేచి, 100 కి.మీ. ఎత్తును దాటినది. 2019 ఏప్రిల్ 21న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు తమ చేతులతో చేసిన ట్రావెలర్-4ను 100 కి.మీ.లకు పైకి పంపిరి. వీరెవ్వరును ఇంటిపెరటిలో చేయలేదు. ఎడారిలో, అనుమతి పొందిన స్థలములో, ఏండ్లకొలది స్థిరపరీక్షలు చేసినవారు.

మన దేశములోనైనను మొదలు చిన్నదే. 1967 నవంబరు 20న తుంబానుండి ఎగిరిన రోహిణి-75, పేరునకు తగినట్లు 75 మిల్లీమీటర్ల వ్యాసము గలది. తుపాకిమందు జాతికి చెందిన కార్డైటు దాని ఇంధనము. శ్రీహరికోటనుండి మొదటి ప్రయోగము 1971 అక్టోబరు 9న, రోహిణి-125తో. ఆ శ్రీహరికోటలోనే 2010 జనవరి 24న, సుమారు 200 టన్నుల ఘన ఇంధనము నింపిన ఎస్-200 ఇంజనును నేలకు బిగించి 130 సెకనులు మండించిరి. కైవారము పెరిగినది గాని విధానము మారలేదు: చట్రము, కొలత, దూరము, గీత.

హైదరాబాదులో 2018లో ఇస్రో మాజీ ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా స్థాపించిన స్కైరూట్ సంస్థ మన తెలుగునేలకు ఇంటి ఉదాహరణము. వీరు ఔత్సాహికులు కారు, వృత్తిలో ఆరితేరినవారు; ఐనను చిన్నదానితో ఆరంభించి, ఎగురకముందే పలుమార్లు మండించిన తీరు ఔత్సాహికులు అనుసరింపదగినది. 2020 ఆగస్టులో త్రీడీ ముద్రణతో చేసిన రామన్ అను చిన్న ద్రవ ఇంజను, ఆ యేడు చివర కలాం-5 అను ఘన ఇంజను, 2021 నవంబరులో ద్రవ సహజవాయువుతో నడచు ధావన్-1, 2022 మే నెలలో నాగపూరున 108 సెకనులు మండిన కలాం-100, అన్నియు కట్టివేసి చేసిన పరీక్షలే. ఆ పిదపనే 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ శ్రీహరికోటనుండి లేచెను. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు గల ఆ రాకెట్టు కలాం-80 ఇంజనుతో 89.5 కి.మీ. ఎత్తు వెళ్లి, కొద్ది నిమిషములలో బంగాళాఖాతమున పడినది. ప్రైవేటు సంస్థ నిర్మించి ప్రయోగించిన తొలి భారతీయ రాకెట్టు అది. 2025 ఆగస్టు 8న వారి కలాం-1200, సుమారు 30 టన్నుల ఇంధనముతో, శ్రీహరికోటలో 110 సెకనులు మండినది.

ఇంతవరకు చదివి, మన పిల్లవాడెవడైన మేడమీదనో మామిడితోటలోనో ఇనుప గొట్టము చేబూనుటకు సిద్ధమైనచో అతనికి నేను చెప్పదగినది ఒక్కటియే: వలదు. పేలుడు పదార్థములను గూర్చి 1884నాటి చట్టమును, 2008నాటి నియమములును మనకు కలవు. లైసెన్సు లేక ఇట్టి మందును తయారుచేయుట, నిల్వ చేయుట శిక్షార్హము. చట్టమునకు వెరవనివారు వార్తలను చూచియైన వెరవవలెను. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నమందలి బాణసంచా కేంద్రములో జరిగిన పేలుడున ఎనిమిదిమంది చనిపోయిరి. అది నిత్యము మందుతో పనిచేయువారి మధ్య జరిగినది.

మరి బాలుర కుతూహలము ఏమి కావలె? దానికి నిప్పు అక్కరలేదు. ప్లాస్టిక్ సీసాలో మూడవవంతు నీరు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి వదలిన నీటిరాకెట్టున న్యూటను సూత్రము, పీడనము, ద్వారము, అభిబలము అన్నియు కలవు. అదియు బలముగనే పోవును గనుక, మూతికి దూరముగ నిలిచి, ఉపాధ్యాయుని యెదుట వదలవలెను. ఆ సీసాను చట్రమునకు బిగించి, త్రాసులోని లోడ్ సెల్‌ను నడుమ పెట్టి, గీత గీచుకొన్నచో ఇంజను పరీక్షలోని సగము విద్య చేతికి వచ్చినట్లే.

మిగిలిన సగమునకు పెద్దల చేయూత కావలెను. మైలవరములో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగు కళాశాలయందు ఏరోస్పేస్ శాఖ కలదు. విద్యార్థులు రాకెట్టు ద్వారపు (నాజిల్) సమీకరణములను పరీక్షాపత్రములపై సాధించుచునే యున్నారు. డెల్టావలె అడుగడుగున వరిమడి, కాలువ, ఇల్లు లేక, కొండల నడుమ విశాలముగ నున్న మెట్టభూమి చుట్టునున్నది. అవనిగడ్డ ఆవల నాగాయలంక తీరమున రక్షణశాఖ క్షిపణి పరీక్షాకేంద్రమును తలపెట్టినది. శ్రీహరికోటలో పనిచేసి విశ్రాంతి పొందిన ఇంజనీర్లు మన జిల్లాలలోనే నివసించుచున్నారు. ఒక కాంక్రీటు దిమ్మ, ఒక రక్షణగోడ, లైసెన్సు గల సరఫరాదారునుండి తెచ్చిన చిన్న ఇంజనులు, అనుభవజ్ఞుడొక్కని పర్యవేక్షణ సమకూర్చి, పేలుడు పదార్థముల భద్రతాసంస్థ అనుమతితో, ఏడాదికి నాలుగు పరీక్షలైనను జరిపించుట కళాశాలలకు మోయరాని భారము కాదు. కళాశాలల యాజమాన్యములును, జిల్లా అధికారులును దీనిని ఆలోచింతురుగాక.